తగినంత అనగా ఎన్ని గ్రాములు

"ఉప్పు తగినంత" అనే మాటను మా జిల్లాలో నిబంధనల ప్రకారం రద్దు చేసినవాణ్ణి నేనే. గొప్పకోసం చెప్పడం లేదు. అడిగేవాళ్ళెవరూ లేరు కాబట్టి నేనే చెప్పుకోవలసి వస్తోంది.

నా పేరు భుజంగరావు. పాక పరిమాణ మండలిలో సూపరింటెండెంటుని. కాగితాల మీద మా మండలిని పా.ప.మ. అని రాసుకుంటాం. ఊళ్ళో ఆటోవాళ్ళ దగ్గర్నుంచి అందరూ పాపమ్మ ఆఫీసు అంటారు. ఎవరో పాపమ్మగారు కట్టించిన సత్రమనుకుని యాత్రికులు పెట్టేబేడాతో మా గుమ్మంలో దిగిపోయేవారు. గదులు లేవని చెప్పి వాళ్ళను పంపించడమే చాలాకాలం మా ముఖ్య విధిగా ఉండేది. ప్రభుత్వ హాస్టళ్ళలో వంట సామాను కొలతలు సరిచూడడం మా అసలు విధి అని తరవాత ఒక పాత ఉత్తర్వు దులిపితే తెలిసింది.

ఇలాంటి మండలిలోకి నేనెలా వచ్చానని అడక్కండి. నాకూ తెలియదు. వంటింట్లో నేను బుద్ధెరిగాక చేసిన పని ఒక్కటే, మంచినీళ్ళు తాగడం. అదీ ఎవరైనా ముంచి ఇస్తేనే. పప్పులో ఉప్పు ఎప్పుడు వేస్తారో, ఎంత వేస్తారో నాకు తెలియదు. వెయ్యకపోతే మాత్రం తెలుస్తుంది. అప్పుడు కంచం ముందుకి తోస్తాను. పాకశాస్త్రంలో నా పరిజ్ఞానం అంతవరకే.

హాయిగా సాగిపోతున్న మా ఆఫీసుకి ఆడిట్ వాళ్ళ దగ్గర్నుంచి ఒక ప్రశ్న వచ్చింది. మా ఊరి బాలికల హాస్టలు వంట సామాను పట్టీలో కందిపప్పు ఇన్ని కిలోలు, నూనె ఇన్ని లీటర్లు అని వరసగా రాసి, చివర "ఉప్పు తగినంత" అని ఉందిట. "తగినంత అనగా ఎంత? తెలుపగలరు" అన్నారు.

మా సంచాలకులు పినాకపాణిగారు అప్పుడే రాజధానిలో శిక్షణ ముగించుకుని వచ్చారు. అక్కడ అందరికీ తలో ఎలక్ట్రానిక్ కాటా బహూకరించారు. అరచేయంత ఉంటుంది. ఆయన దాన్ని బల్లమీద పెట్టుకుని కనిపించినవన్నీ తూచేవారు. కళ్ళజోడు తూచారు. గుండుసూదుల డబ్బా తూచారు. నేను సెలవు చీటీ ఇస్తే అదీ తూచారు. సరిగ్గా ఐదు గ్రాములుంది.

"ఐదు గ్రాముల కారణమునకు మూడు దినముల సెలవా?" అని వెనక్కి ఇచ్చేశారు. నాకు అప్పుడే ఆ కాటా మీద గౌరవం ఏర్పడింది.

ఆడిట్ కాగితం చూశాక ఆయన నన్ను పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించడం ఎప్పుడూ మంచికి కాదు.

"భుజంగరావుగారూ, తగినంత అనునది పరిమాణము కాదు. అది అభిప్రాయము. అభిప్రాయములను ప్రభుత్వ నిధులతో వండించుట నిబంధనలకు విరుద్ధము."

ఇంత చక్కటి మాట నాకెందుకు తట్టలేదా అని సిగ్గుపడ్డాను.

"చిటికెడు అనగా ఎంత?" అన్నారు.

"కొంచెం సార్."

"గుప్పెడు?"

"చిటికెడు కంటే ఎక్కువ సార్."

"నిమ్మకాయంత చింతపండు?"

"నిమ్మకాయంత ఉంటుంది సార్."

"ఏ నిమ్మకాయ?"

అక్కడ దొరికిపోయాను. నిమ్మకాయల్లో ఇన్ని రకాలున్నాయన్న సంగతి అప్పటిదాకా నా ఆలోచనలోకి రాలేదు. ఏడాది పొడుగునా మా ఇంట్లో చారు ఏ నిమ్మకాయని నమ్ముకుని కాస్తున్నారో తల్చుకుంటే ఒళ్ళు జలదరించింది.

"ఇకమీదట వంటలోని ప్రతి మాటకును గ్రాములు ఉండవలెను. గ్రాములు చాలనిచోట మిల్లీగ్రాములు. పట్టిక మీరు తయారుచేయుడు" అన్నారు.

మర్నాడే ప్రయోగాలు మొదలుపెట్టాను. బల్లమీద కాగితం పరిచి, కాటా పెట్టి, చిటికెడు పసుపు తీసి వేశాను. కాటా సున్నా చూపించింది. తుడిచేసి మళ్ళీ వేశాను. సున్నా. అటెండర్ పైడిరాజు చేత వేయించాను. టైపిస్టు చేత వేయించాను. ఎవరు వేసినా సున్నాయే. ఇంతమంది మధ్య ఇంత ఏకాభిప్రాయం మా ఆఫీసులో అంతకుముందెన్నడూ లేదు. "చిటికెడు = 0 గ్రా." అని ఎర్రసిరాతో రాసి సంచాలకులకి సమర్పించాను.

ఆయన కాగితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అనగా తరతరములుగా మన వారు లేని పదార్థమును వంటలో వేయుచున్నారన్నమాట! లేని దానికి బిల్లులు కూడ చెల్లించుచున్నాము!"

ఆ సాయంత్రానికల్లా పసుపు, ఇంగువ హాస్టలు పట్టీలోంచి తొలగిపోయాయి. వాటికి "శూన్య పదార్థములు" అని పేరు పెట్టింది నేనే. ఇంటికెళ్ళి మా ఆవిడ సుభాషిణికి ఈ విజయం వివరంగా చెప్పాను. ఆ హాస్టలుకి వార్డెన్ ఆవిడే. నూట ఇరవై మంది ఆడపిల్లల తిండీ, చదువూ, తలనొప్పులూ అన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి.

ఆవిడ అంతా విని, "ఏవండీ, ఆ కాటా అడుగున ఏదో రాసుంటుంది, చదివారా?" అంది.

"కాటాని తూచడానికి వాడతారు గానీ చదవడానికి కాదు" అన్నాను. మంచి జవాబే చెప్పాననుకున్నాను.

మర్నాడు ఎవరూ లేనప్పుడు కాటా తిరగేశాను. ఒక గ్రాము కంటే తక్కువ బరువు ఇది చూపదు అని సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. చిటికెడు గ్రాములో మూడోవంతు కూడా ఉండదని, పాపం దానికి కనిపించక సున్నా అందని అప్పుడు తెలిసింది. గుండె దిటవు చేసుకుని సంచాలకుల దగ్గరికి వెళ్ళి చెప్పాను.

ఆయన కాటా తిరగేసి తానూ చదివారు. "శూన్యమని మనము ప్రకటించితిమి. ప్రకటించిన శూన్యమును ఉపసంహరించుట ఎట్లు?"

"సవరించిన శూన్యం అని రాద్దాం సార్" అన్నాను.

అలాంటివి మాత్రం నాకు వెంటనే తడతాయి. అందుకే సూపరింటెండెంటునయ్యాను.

ఈసారి బంగారం తూచే కాటా తెప్పించాం. అది చాలా సున్నితం. ఫ్యాను తిరిగితే ఒక బరువు, ఆపితే ఒక బరువు. అంచేత ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి, ఊపిరి బిగబట్టి, ఆఫీసంతా ఒకరి తరవాత ఒకరం ఉప్పు చిటికెలు వేశాం. ఏ ఒక్క చిటికే ఇంకో చిటికెతో కలవలేదు. టైపిస్టుది రెండు వందల మిల్లీగ్రాములైతే పైడిరాజుది ఐదు వందలు దాటింది.

సంచాలకులు చెమట తుడుచుకుని, "దోషము చిటికెలో లేదు. వేళ్ళలో ఉన్నది. కావున వేళ్ళను స్థిరపరచవలెను" అన్నారు.

అందరి చేతులూ పరిశీలించి చివరికి నా బొటనవేలు, చూపుడువేలు ఎంపిక చేశారు. కారణం ఫైల్లో రాశారు: "సదరు వేళ్ళు ఇంతవరకు ఏ పనికిని వినియోగింపబడనందున అరుగుదల లేదు." నా సర్వీసులో నా గురించి ఇంత నిజం రాసిన కాగితం మరొకటి లేదు.

ఆ రోజు నుంచి నా కుడిచేతి రెండు వేళ్ళు "ప్రామాణిక వేళ్ళు". అవి పట్టిన చిటికె మూడు వందల మిల్లీగ్రాములు. గోళ్ళు తీసుకోవాలంటే ముందుగా అనుమతి పొందాలి. వాటికి రబ్బరు తొడుగులు ఇచ్చారు. బరువులు ఎత్తకూడదు, వేడి తగలకూడదు. బస్సులో నిలబడితే కమ్మీ పట్టుకోకుండా వేళ్ళు పైకెత్తి ఉంచేవాణ్ణి. నేనేదో ఉపన్యాసం మొదలుపెడతానని జనం కొంచెం జరిగి చోటిచ్చేవారు.

ఇంట్లో మాత్రం ఈ గౌరవం దక్కలేదు. ప్రభుత్వ వేళ్ళతో చిక్కుడుకాయల ఈనెలు తీయకూడదని చెప్తే, "మిగతా ఎనిమిదీ ఖాళీగానే ఉన్నాయిగా" అని పళ్ళెం నా ముందు పెట్టింది సుభాషిణి.

వేళ్ళు స్థిరపడ్డాక సర్క్యులర్ వెలువడింది. రాసింది నేను, దిద్దింది ఆయన. "ఇకమీదట తగినంత అను పదము వంటశాలలయందు నిషేధింపబడినది. ఉప్పు తలకు రోజుకు 5 గ్రా., పసుపు తలకు 300 మి.గ్రా. మాత్రమే వినియోగింపవలెను. పరిమాణము చూపని పదార్థమేదియు వంటలో పడరాదు. ఉల్లంఘించువారిపై తగు చర్య తీసుకొనబడును." ఆ ఆఖరి వాక్యం ప్రతి సర్క్యులర్‌కీ ఉంటుంది. చదవకుండానే రాసేస్తాం.

సుభాషిణి నిబంధన ప్రకారమే సరుకుల ఇండెంటు పంపింది. పిల్లలు నూట ఇరవై. రోజుకి ఉప్పు 600 గ్రా., పసుపు 36,000 మి.గ్రా. తప్పుపట్టడానికేమీ లేదు. అది సరుకుల గోడౌనుకి వెళ్ళి, రెండోరోజునే తిరిగొచ్చింది. పైన ఇలా రాసి ఉంది: "మన డివిజనునందు గ్రామములు రెండువందల పదునాలుగు మాత్రమే. మిగిలిన గ్రామముల పేర్లు తెలిపినచో ఉప్పు విడుదల చేయబడును. ముప్పదియారు వేల మిగతా గ్రామములు ఈ రాష్ట్రమున ఉన్నట్లు రికార్డు లేదు. ఈ విషయము పై అధికారులకు నివేదించడమైనది."

నేను హుటాహుటిన గోడౌనుకి పరిగెత్తాను. అక్కడి గుమాస్తా గవర్రాజుగారు రెవిన్యూలోంచి కొత్తగా బదిలీ అయి వచ్చినాయన.

"గవర్రాజుగారూ, గ్రా. అంటే గ్రాములండీ" అన్నాను.

"ఆయ్, నేనూ అదే అంటన్నానండి. ఊళ్ళేగదండీ."

"గ్రామం కాదు, గ్రాము."

"అంటే చిన్న ఊరాండీ?"

"ఊరు కాదండీ బాబూ, బరువు! మి.గ్రా. అంటే మిల్లీగ్రాము, ఇంకా చిన్న బరువు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని జాలిగా నాకేసి చూశాడు. "చూడండి భుజంగరావుగారూ. నేను ఉద్యోగంలో చేరిన కాణ్ణుంచీ గ్రా. అంటే గ్రామమండి, మం. అంటే మండలమండి, జి. అంటే జిల్లా అండి. ఆ లెక్కన మి.గ్రా. అంటే మిగతా గ్రామాలేగదండీ. ఇయ్యాల మీరొచ్చి గ్రామాన్ని ఉప్పురాయి చేసేత్తానంటే ఎలాగండి? కాయితం మీద రాయించుకు రండి, ఇత్తాను. నాదేం పోయింది?"

ఆయన చెప్పిందీ న్యాయంగానే ఉంది. కాగితం మీద రాయించడానికి సంచాలకుల దగ్గరికి వెళ్ళాను. గ్రాముకీ గ్రామానికీ తేడా తెలిసేలా చుక్క ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి ఆయన ఉపసంఘం వేశారు. ఉపసంఘం అంటే ఆయనా, నేనూ. చుక్కలు మార్చే అధికారం మాకు లేదని తేలి, అనుమతికోసం రాజధానికి రాశాం. జవాబు వచ్చేదాకా హాస్టలుకి ఉప్పు లేదు.

సంగతి చూద్దామని హాస్టలుకి వెళ్ళాను. వంటమనిషి నూకరత్నం చేతులు కట్టుకుని పొయ్యి పక్కన నిలబడి ఉంది.

"ఉప్పెయ్యలేదేం?" అన్నాను.

"కొలత లేకండా ఏత్తే మెమో అంటగదండీ. ఎయ్యకపోతే మెమో లేదంట. మరి ఎయ్యకండా ఉండటమే మంచిదిగదండీ? నాకు మెమోలంటే బయమండి బాబూ."

మా సర్క్యులర్‌ని ఇంత లోతుగా అర్థం చేసుకున్నవాళ్ళు మా ఆఫీసులో కూడా లేరు. ఆవిణ్ణి మెచ్చుకోబోయి, వరండాలో పిల్లల కంచాలు చూసి ఆగిపోయాను. చప్పిడి పప్పు కలిపిన ముద్దలు కలిపినట్టే ఉన్నాయి. చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. సుభాషిణి ఆ కంచాలు చూపించి అంది:

"పదో తరగతి వాళ్ళకి పరీక్షలు నెత్తిమీదున్నాయి. ఖాళీ కడుపుతో చదువుతున్నారు. నిన్న ప్రార్థనలో ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. మీ చుక్క ఎప్పుడొస్తుంది?"

"ప్రతిపాదన పరిశీలనలో ఉంది" అన్నాను. పెళ్ళాంతో మాట్లాడుతున్నానని మర్చిపోయాను.

ఆ పూట నుంచి మా ఇంట్లోనూ ఉప్పు ఆగిపోయింది. నేను కూడా ఈ జిల్లాలోనే ఉన్నాను కాబట్టి నాకూ చుక్క వచ్చాకే ఉప్పు అంది. చప్పటి పప్పు, చప్పటి చారు, చప్పటి వంకాయకూర. అలవాటు చొప్పున కంచం ముందుకి తోయబోయాను. ఆవిడ మొహం చూసి మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను. అలా కొన్నాళ్ళు పోయేసరికి ఆఫీసులో కాగితాలు అంటించుకునే గమ్ము కూడా నోరూరించేది.

చివరికి ఒకరోజు సుభాషిణి తన డబ్బుతో కొట్లో ఉప్పు ప్యాకెట్లు కొనుక్కొచ్చి, నూకరత్నాన్ని పక్కకి జరగమని, తన చేత్తోనే పప్పులో వేసింది. తూచలేదు.

ఈ నేరం ఎలా బయటపడిందంటే, ఆ పూట సంచాలకులు హాస్టలు ముందునుంచి నడిచి వెళ్తున్నారు. లోపల పిల్లలు పప్పు మారు అడగడం ఆయన చెవిన పడింది. ఆయనకి వెంటనే అనుమానం వచ్చింది. నన్ను పిలిపించారు. బంగారం కాటా, రబ్బరు తొడుగులు, ప్రామాణిక వేళ్ళు తీసుకుని హాస్టలు వంటింట్లోకి ప్రవేశించాం.

గుండిగలో పప్పు పొగలు కక్కుతోంది. తాలింపు వాసనకి నా నోట్లో నీళ్ళు ఊరాయి. రుచి చూస్తే తెలిసిపోతుందని నేను ఆశగా గరిటె అందుకోబోతే సంచాలకులు వారించారు.

"రుచి కూడ అభిప్రాయమే. వారినే అడుగుదము." సుభాషిణి వైపు తిరిగారు. "ఉప్పు ఎంత వేసితిరి?"

ఆవిడ మా ఇద్దరినీ చూసింది. చీర చెంగు నడుముకి దోపుకుని ఉంది.

"తగినంత వేశానండి."

నూకరత్నం చేతిలో మూత జారి నేలమీద గిరగిరా తిరిగింది.

"నిషిద్ధ పదమును, నా సమక్షమున!" అన్నారు సంచాలకులు. అక్కడికక్కడే మెమో చెప్పడం మొదలుపెట్టారు. నేను రాశాను. "శ్రీమతి సుభాషిణి, వార్డెన్, విధి నిర్వహణలో తగినంత జాగ్రత్త వహించనందున, తగిన గడువులోపల తగు సంజాయిషీ సమర్పించవలెను. లేనిచో సస్పెన్షనుతో సహా తగు చర్య తీసుకొనబడును." కింద సూపరింటెండెంటుగా సంతకం పెట్టి మా ఆవిడకి నేనే అందించాను. ఆవిడ అందినట్టు సంతకం చేసి, "పప్పు తిని వెళ్తారా?" అంది. సంచాలకులు ఉన్నారు కాబట్టి వద్దన్నాను. అది నేను చేసిన అతిపెద్ద త్యాగం.

ఇంటికి వచ్చాక మాత్రం నాకు నిజంగా భయం వేసింది. ఆవిడ ఆ హాస్టలుని ఎన్నేళ్ళుగానో కంటికి రెప్పలా చూసుకుంటోంది. జ్వరం వచ్చిన పిల్లల దగ్గర కూచుంది, ఇంటికి పారిపోబోయిన వాళ్ళని బస్టాండు నుంచి వెనక్కి తెచ్చుకుంది. ఇప్పుడు ఆ ఉద్యోగం ఉప్పు మూలాన, నా చేతిరాతతో పోయేలా ఉంది.

"పొరపాటయిందని రాసెయ్యవే. నేను చూసుకుంటాను" అన్నాను.

"ఎంత పొరపాటని రాయను?" అంది కలం తీసుకుని.

ఆవిడ రాసుకుంటూ కూచుంది. మర్నాడు ఆఫీసులో ఆ సంజాయిషీ సంచాలకులకి చదివి వినిపించవలసిందీ నేనే.

"అయ్యా, తమ మెమోలో తగు సంజాయిషీ కోరియున్నారు. తగు అనగా ఎన్ని గ్రాములో తెలిపినచో అంతయే తూచి సమర్పించగలను. తగిన గడువు, తగినంత జాగ్రత్త, తగు చర్య అను వాటికిని పరిమాణములు చూపబడలేదు. తమ సర్క్యులర్ ప్రకారము పరిమాణము చూపని పదార్థమేదియు వంటలో పడరాదు. అటువంటి చర్య నా నెత్తిన కూడ పడరాదని మనవి."

చదవడం పూర్తయ్యాక సంచాలకులు కేకలేస్తారనుకున్నాను. కానీ ఆయన నియమం తప్పని మనిషి.

"ఈమె వాదన సమంజసము. ఆ నిషిద్ధ పదము మన కార్యాలయమున ఇంకను ఎక్కడెక్కడ ఉన్నది?" అన్నారు.

వెతికాను. ఎక్కడ లేదు గనుక! ప్రతి ఫైలు మీదా "తగు చర్య నిమిత్తం" అని ఉంది. "తగినంత సిబ్బంది లేనందున" అని ఉంది. "తగిన సమయమున" అని ఉంది. ఆ మాట తీసేస్తే మా ఆఫీసులో మిగిలేవి తేదీలూ, సంతకాలూ. తగు అంటే ఎంతో తేలేదాకా ఏ కాగితమూ కదలరాదని సంచాలకులు ఆదేశించారు. కాగితాలు అంతకుముందు కూడా కదిలేవి కావు కాబట్టి బయటివాళ్ళెవరికీ తేడా తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. సుభాషిణి మెమో ప్రతిని కాటా మీద పెట్టారు. ఐదు గ్రాములుంది.

"చూచితిరా! ఇది ఐదు గ్రాముల చర్య. సస్పెన్షను ఉత్తర్వునకు జతపరచు కాగితములతో కలిపి ఇరువది గ్రాములు రావచ్చును. సిద్ధము చేయుడు. సాయంత్రము సంతకము చేసెదను."

నేను నాలుగు కాగితాలు తీసుకుని టైపు మిషను దగ్గర కూచున్నాను. చేతులు రాలేదు. ప్రామాణిక వేళ్ళతో టైపు చేయరాదని నిబంధన ఉందన్న సంగతి అదృష్టవశాత్తూ గుర్తొచ్చింది. మిగతా ఎనిమిది వేళ్ళ సంగతి సంచాలకులకి గుర్తు రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ, వేళ్ళు పైకెత్తి సాయంత్రం దాకా కూచున్నాను. నా సర్వీసులో పని చెయ్యకుండా ఇంత కష్టపడింది ఆ ఒక్కరోజే.

సాయంత్రం రాజధాని నుంచి టపా వచ్చింది. చుక్క వచ్చిందేమో అనుకున్నాం. గవర్రాజుగారి నివేదిక అక్కడికి చేరిందిట. "మీ పరిధిలో ముప్పదియారు వేల మిగతా గ్రామములు ఎట్లు వెలసినవో తక్షణమే తగిన వివరణ పంపవలెను" అని ఉంది.

సంచాలకులు ఆ వాక్యం చదివి కలం తీశారు. సస్పెన్షను మాట మర్చిపోయారు. తన చేత్తో తానే జవాబు రాశారు: "తగిన అనగా ఎన్ని గ్రాములో తెలుపగలరు."

ఈసారి రాజధాని ఎంత వేగంగా పనిచేసిందో చెప్తే మీరు నమ్మరు. సర్క్యులర్ రద్దయింది. దాని కింద ఇచ్చిన మెమోలన్నీ రద్దయ్యాయి. ఉప్పు విడుదలయింది. ప్రామాణిక వేళ్ళను వాటి యజమానికి తిరిగి అప్పగించారు. అందినట్టు ఆ వేళ్ళతోనే సంతకం చేశాను. పినాకపాణిగారిని పెద్ద పోస్టు ఇచ్చి రాజధానికి తీసుకున్నారు. అంత నిక్కచ్చి మనిషిని జిల్లాలో వదిలేస్తే ప్రమాదమని అక్కడివాళ్ళకి తోచినట్టుంది. వెళ్ళేటప్పుడు కాటా నాకు ఇచ్చివెళ్ళారు.

నాకు మాత్రం ఒక ఇంక్రిమెంటు కోసేశారు. ఉత్తర్వులో కారణం ఇలా ఉంది: "గ్రామునకును గ్రామమునకును భేదము చూపుటలో తగినంత శ్రద్ధ వహించనందున." ఎన్ని గ్రాముల శ్రద్ధో అడుగుదామని కలం తీశాను. సుభాషిణి కలం లాక్కుని, "ఇంకో ఇంక్రిమెంటు పోతుంది. లేచి భోజనానికి రండి" అంది.

ఆశగా వెళ్ళి కూచున్నాను. హాస్టల్లో పిల్లలు రెండు పూటలా మారు అడుగుతున్నారని, గుండిగ అడుగు గోకి వడ్డించవలసి వస్తోందని ఆవిడ చెప్తుంటే నా మనసు తేలికపడింది. పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చప్పగా ఉంది.

"ఉప్పు వెయ్యడం మర్చిపోయావు" అన్నాను.

"మర్చిపోలేదు. ఇవాళ నుంచి మీ ఉప్పు మీరే వేసుకుంటారు. డబ్బా అదుగో. తగినంత వేసుకోండి."

ఉప్పు డబ్బాని అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదలు. ఎంత వెయ్యాలి? ఆవిణ్ణి అడగడానికి నామోషీ. రుచి చూసి వేసుకుందామంటే రుచి అభిప్రాయమని నరనరానా జీర్ణించుకుపోయింది. అప్పుడు నా సర్క్యులరే గుర్తొచ్చింది. తలకు ఐదు గ్రాములు. చిటికెకు మూడు వందల మిల్లీగ్రాములు. మనసులో భాగించాను. పదహారు చిటికెలు, పైన ఇంకొంచెం. తప్పు జరగకూడదని వేళ్ళు తుడుచుకుని, ఒక్కొక్కటీ జాగ్రత్తగా లెక్కపెట్టి, పదిహేడూ వేశాను. సుభాషిణి గరిటె పట్టుకుని చూస్తూ నిలబడింది.

ఆ ఐదు గ్రాములూ రోజు మొత్తానికని, కూరకీ చారుకీ మజ్జిగకీ అన్నింటికీ కలిపి అని రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాక గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంచం ముందుకి తోయడానికి చెయ్యి దానంతటదే లేచింది. బలవంతంగా దింపుకున్నాను.

"సరిపోయిందా?" అంది సుభాషిణి.

"తగినంత ఉంది" అన్నాను.

ఆవిడ నీళ్ళ బిందె నా పక్కకి జరిపి, చెంబు బిందె మీద బోర్లించి వెళ్ళిపోయింది. నేనే ముంచుకుని తాగాను.